చుక్కలు పడని బెంచీ

మా కాలంలో బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే ఊరు ఊరంతా వణికేది. అట్లాంటి రోజున, నలభై రెండు మంది పిల్లల్లోంచి మా పంతులు ఏరికోరి నన్ను పిలిచి, "ఇన్‌స్పెక్టరు గారి జీపు నీ చేతిలో పెడుతున్నా, దాని మీద ఈగను కూడా వాలనీయకు" అని కాపలా ఉంచాడు. నలభై రెండు మందిలో ఒక్కడిని! నేను ఆ జీపుకు ఆనుకుని నిలబడిన తీరు చూసి, దారిన పోయేవాళ్ళు నన్నే ఇన్‌స్పెక్టరు అనుకుని దండాలు పెట్టి పోయారు. చదువుల సంగతి తెలిసినవాడే చెబుతున్నాడని మీకు నమ్మకం కుదరాలి కాబట్టి ఈ ముక్క ముందే చెప్పి పెడుతున్నాను.

ఇక కథ నాది కాదు, నాగరాణిది. కోస్గికి కూతవేటు దూరంలోని మా ఊళ్ళో గొర్లు కాసే పర్వతాలు అనే ఆయన కూతురు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. పాలమూరులో బి.ఎడ్. చదువుతూ, తెలుగు టీచరు శిక్షణ కోసం పోతులబండ హైస్కూలుకు వచ్చింది. ఆ పిల్లకు కోపం ఎక్కువ. చిన్నప్పుడు ఒకనాడు అలిగి వానలో కూర్చుంటే, నెత్తిన పడ్డ చినుకు పడ్డట్టే చుయ్యిమని ఆవిరైపోయిందని వాళ్ళమ్మ గుర్వమ్మ చెబుతుంది. గుర్వమ్మ అబద్ధాలాడే మనిషి కాదు.

శిక్షణలో మొదటి నెల పాఠం చెప్పనివ్వరు. గది వెనక కూర్చుని, అసలు టీచరు ఎట్లా చెబుతున్నాడో చూసి, పరిశీలన రికార్డు అనే లావుపాటి పుస్తకంలో రాయాలి. ఎనిమిదో తరగతి తెలుగు యాదగిరి సారుది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఆయన గొంతు విప్పితే ప్రహరీ అవతల మేసే బర్రెలు మేత ఆపి చెవులు నిక్కించేవి. పాఠం బాగానే చెప్పేవాడు. మధ్యలో ప్రశ్న అడిగేవాడు. ముందు బెంచీలోంచి అక్షిత చెయ్యి లేచేది. "శభాష్ బిడ్డా!" ఇంకో ప్రశ్న. మళ్ళీ అక్షితే, కాదంటే పక్కనున్న శివకృష్ణ. "శభాష్!" గంట కొట్టేదాకా ఇదే వరస.

నాగరాణి కుర్చీ చివరి బెంచీ పక్కన. ఆ బెంచీ మీద ఐదుగురు. మట్టిపనికి బొంబాయి పోయిన అమ్మాబాపులతో తానూ పోయి, దసరా దాటాక అవ్వ దగ్గరికి తిరిగొచ్చిన సుచరిత. మందతో పాటు కృష్ణ ఒడ్డుకు మేపుకు పోయి వచ్చిన మహేష్. మిగతా ముగ్గురివీ ఇట్లాంటి వలస బతుకులే. పుస్తకాలు తెరిచి ముందు పెట్టుకునేవాళ్ళు. తెరిచింది ఏ పేజీయో సారుకూ పట్టదు, వాళ్ళకూ పట్టదు. నాలుగో తరగతిలో మందతో పోయి వచ్చిన ఏడాది నాగరాణి కూడా ఇట్లాంటి బెంచీ మీదే కూర్చుంది. హాజరు పిలిచేటప్పుడు తప్ప ఆ ఏడాదంతా ఆమె పేరు ఏ పంతులు నోటా రాలేదు.

మూడో రోజుకే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కంఠస్వరం: బాగున్నది. నల్లబల్ల వాడకం: బాగున్నది" అని గడులు నింపడం ఆపేసి, కొత్త పేజీలో తరగతి పటం గీసింది. బెంచీకో గీత, పిల్లకో సున్న. సారు ఎవరిని అడిగితే వాళ్ళ సున్నలో ఒక చుక్క. పంతొమ్మిది రోజులు పళ్ళు కొరుక్కుంటూ చుక్కలు పెట్టింది. అక్షిత సున్న నిండి, నల్లబడి, సిరా పక్కకు పాకింది. చివరి బెంచీ మీది ఐదు సున్నలు మాత్రం కడిగి బోర్లించిన పళ్ళాల్లా ఉన్నాయి.

ఒకనాడు యాదగిరి సారు వెనకగా వచ్చి ఆ పేజీలోకి తొంగి చూశాడు.

"ఏమమ్మా, ముగ్గు వెడుతున్నవా?"

"కాదు సార్. మీరు ఎవల్ని అడుగుతున్నరో రాస్తున్న."

సారు కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకున్నాడు. "మరి గీ ఐదు ఖాళీగున్నయేంది?"

"నేను గూడ అదే అడుగుదామనుకున్న సార్."

ఆయనకు కోపం రాలేదు. నవ్వొచ్చింది. అదే నాగరాణిని ఇంకా మండించింది. "ఓ తల్లీ, గాళ్ళను అడిగితే, గాళ్ళు లేసి నిలవడేటాల్లకే పిరియడ్ అయిపోతది. సిలబస్ ఎవలు జెయ్యాలె? మీ నాయినొచ్చి జేస్తడా?"

"మా నాయిన మాటెందుకు సార్ నడుమ?"

"ఉత్తగనే అన్నలే. వచ్చే వారం నుంచి నీ పాఠాలే గద. నీ చుక్కలు ఏడ వడ్తయో అప్పుడు జూద్దాం."

చూద్దామంటే చూద్దామనుకుంది నాగరాణి. పటాలు గీసింది, అట్టముక్కలు కత్తిరించింది, నడుము బిగించి పాఠాల్లోకి దూకింది. గొంతు ఖంగుమన్నది. పిల్లలు నవ్వాల్సిన చోట నవ్వారు, కళ్ళు పెద్దవి చేయాల్సిన చోట చేశారు. ప్రశ్నలు అడుగుతుంటే జవాబులు పేలాల్లా చిటపటలాడాయి. పాఠం చెప్పడమంటే ఇదీ, యాదగిరి సారు వచ్చి నేర్చుకోవాలి అనుకుంటూ పది రోజులు నేల మీద నడవలేదు.

శిక్షణలో ఇంకో పద్ధతి ఉంది. తోటి శిక్షణార్థులు ఒకరి పాఠం ఒకరు చూసి రాయాలి. నాగరాణి పాఠం చూసే వంతు రాజేశ్‌ది. అదే కాలేజీ, అదే బడి, మెతక మనిషి. పదో రోజు సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు ఆమె చేతిలో ఒక కాగితం పెట్టాడు.

"నువ్వు సారుకు వెట్టినట్టే నేను నీకు వెట్టిన. మళ్ల నన్ను తిట్టొద్దు."

బెంచీలు, సున్నలు, చుక్కలు. అక్షిత సున్న నల్లగా ఉంది. శివకృష్ణది సగం నల్లగా ఉంది. చివరి బెంచీలో రెండంటే రెండు చుక్కలు.

"రెండున్నయి గద!"

"ఉన్నయి. ఒకటి, 'మహేష్, కిటికీలకెల్లి ఏం జూస్తున్నవ్' అన్నది. రెండోది, 'సుచరితా, చీపిరి ఏడున్నది' అన్నది. రెండూ ప్రశ్నలేనాయె అని చుక్క వెట్టిన."

నాగరాణి ముఖం ఎర్రబడింది. "అబద్ధం రాసినవ్ రాజేశ్."

"నాకేమొస్తది?"

"యాదగిరి సారు నేర్పిండు నీకు!" కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, అవి చాలక పదహారు చేసి విసిరికొట్టింది. బస్సు కోసం నిలబడ్డ ముసలవ్వ ఒకామె గంప తీసుకుని అవతలికి జరిగింది.

రాజేశ్ వంగి ముక్కలు ఏరుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "ఇంకోటి గూడ జూసిన. చెప్పాల్నా?"

"చెప్పకు."

"చెప్తున్న. ప్రశ్న అడిగినంక నువ్వెంతసేపు ఆగుతున్నవో లెక్కవెట్టిన. ఒకటి, రెండు. గంతే. రెండు అనేటాల్లకు అక్షిత చెయ్యి లేస్తది. నీ మొకం ఎలుగుతది."

చుక్కల కంటే ఈ మాట లోతుగా దిగింది. పంతొమ్మిది రోజులు ఇంకొకరి పాఠాన్ని చుక్క వదలకుండా చూసిన మనిషి, తన ముఖం ఎక్కడ వెలుగుతోందో చూసుకోలేకపోయింది. తను ఏ బెంచీ నుంచి లేచి వచ్చిందో ఆ బెంచీకే వీపు తిప్పి నిలబడింది. బస్సులో ఎవరో జరగమంటే వాళ్ళ మీద విరుచుకుపడింది. ఇంటికొచ్చి చెప్పులు ఎంత గట్టిగా విడిచిందంటే ఒకటి దొడ్లోకి, ఒకటి వీధిలోకి పోయింది.

పొద్దు వాలుతోంది. తండ్రి పర్వతాలు దొడ్లో గొర్రెపిల్లలను తల్లుల దగ్గరికి వదులుతున్నాడు.

"ఎవల మీద బిడ్డా గంత గరం?"

"నా మీద."

"నీ మీదనా? గదేం కొత్త రోగం?" అని, జవాబు కోసం చూడకుండా చెయ్యి చాపాడు. "ముందుగాల గా మూలకున్నదాన్ని వట్టు. గట్టియి గవే పోతయి తల్లుల కాడికి."

నాగరాణి కస్సుమంది. "బడిపిల్లలు గొర్రెపిల్లలు కారు నాయినా! నువ్వు గూడ నాకు పాఠాలు చెప్తున్నవా?"

పర్వతాలు తెల్లముఖం వేశాడు. "బడి సంగతి ఎవడెత్తిండే? గా బొల్లిపిల్ల పొద్దుగాల నుంచి పాలు తాగలే. నా నడుము వంగుతలేదు, వట్టి తెమ్మంటున్న."

పట్టి తెచ్చింది. పొదుగు దగ్గర పెడితే అది మూతి తిప్పుకుంది. మెడ పట్టి మళ్ళీ పెట్టింది. మళ్ళీ తిప్పుకుంది. నాలుగు చుక్కలు పిండి మూతికి రాసి, కదలకుండా వంగి నిలబడింది. నడుము పీకింది, దోమలు కుట్టాయి. వదిలేసి పోదామని మూడుసార్లు అనిపించింది. ఎంతసేపటికో ఆ పిల్ల చప్పరించడం మొదలుపెట్టింది. తండ్రి ఏమీ అనలేదు. అంటే ఏం సమాధానం చెప్పాలో వెతుక్కుని పెట్టుకున్న నాగరాణికి అది కూడా కోపమే తెప్పించింది.

ఆమె కోపం చల్లారిందని మీరు అనుకోవద్దు. దిక్కు మారింది, అంతే.

మర్నాడు నల్లబల్ల దగ్గర కాక చివరి బెంచీ పక్కన నిలబడి పాఠం మొదలుపెట్టింది. పాఠం ఉత్తరం రాయడం. "మహేష్, నీకు ఎవలకు ఉత్తరం రాయాల్నని ఉన్నది?"

మహేష్ లేచాడు. నాగరాణి మనసులో లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పది. ముందు బెంచీలు కిసుక్కుమన్నాయి. "మేడం, మేడం, నేను!" అంటూ అక్షిత బెంచీ మీద ఎగురుతోంది.

"చెయ్యి దించు అక్షితా."

ఇరవై. మెడ వెనక చెమట కారింది. నోట్లోకొచ్చిన ఇంకో ప్రశ్నను పంటి కింద పట్టింది. ముప్పై. జవాబు కింద పడిపోయినట్టు మహేష్ బెంచీ కిందికి చూశాడు.

"మా కుక్కకు" అన్నాడు.

గది గొల్లుమంది. నాగరాణి తల తిప్పి ఒక్క చూపు చూసింది. నవ్వులు గొంతుల్లోనే ఆగిపోయాయి. "ఏమని రాస్తవ్?"

"నేను లేనప్పుడు గొర్లను జర మంచిగ జూసుకొమ్మని."

ఆ మాటలనే ఉన్నవి ఉన్నట్టు నల్లబల్ల మీద రాసి చదవమంది. వాచకంలో ఒక్క వరసయినా పూర్తిగా చదవలేని పిల్లవాడు, ఒక్కో మాట మీద వేలు పెట్టుకుంటూ మొత్తం చదివాడు. తన మాటే కదా, తనకు తెలుసు.

అప్పటినుంచి ఆమె పని అదే. అడగడం, ఆగడం, వాళ్ళ మాటను రాసి వాళ్ళ చేత చదివించడం. అన్నిరోజులూ కుదరలేదు. పాఠాలు వెనకబడ్డాయి. "నీ ఉత్తరాలు పోస్టులో వెయ్యడానికి ఇంకో టీచరును అడగాల్నా?" అని యాదగిరి సారు దెప్పాడు. ఆమె ఉడికింది కానీ ఆగడం మానలేదు. ఐదుగురిలో నలుగురు నోరు విప్పారు. సుచరిత మాత్రం లేచి నిలబడేది, తల అడ్డంగా ఊపేది, కూర్చునేది. మూడు వారాలు అంతే.

ఫైనల్ పాఠానికి ముందురోజు నాగరాణి ఆ పిల్లను పక్కకు పిలిచింది. వేరే కాలేజీ నుంచి ఎగ్జామినరు వచ్చి, వెనక కూర్చుని, నలభై నిమిషాలు చూసి మార్కులు వేసే పాఠం అది. బి.ఎడ్. గట్టెక్కాలంటే అందులో గట్టెక్కాలి.

"రేపు నిన్ను అడుగుత సుచరితా. చెప్పకున్నా సరే. కానీ అడుగుడు మాత్రం అడుగుత."

సుచరిత తల ఊపింది. ఈసారి అడ్డంగా కాదు.

తెల్లారి నాగరాణి ఇస్త్రీ చీర కట్టుకుని, పటాలు చంకన పెట్టుకుని గదిలో అడుగు పెట్టింది. చివరి బెంచీ మీద ఐదుగురు లేరు. తెల్ల చొక్కా వేసుకున్న ఎగ్జామినరు సారు ఒక్కడే, బెంచీ అంతా తనదే అన్నట్టు కూర్చుని ఉన్నాడు.

"వెనక బెంచోళ్ళు ఏరి?"

అక్షిత లేచింది. "మొక్కలకు నీళ్ళు వోయవోయిన్రు మేడం. ఎవరన్న పెద్దసార్లు వచ్చిననాడు గాళ్ళు గదే పనికి వోతరు. యాదగిరి సార్ వంపిండు."

ఇక జీపు సంగతి ఒప్పేసుకుంటాను. ఆనాడు పంతులు నన్ను ఏరింది నా మీది నమ్మకంతో కాదు. వాచకం తలకిందులుగా ఇచ్చినా సరిగ్గా ఇచ్చినా నేను ఒకే వేగంతో చదివేవాణ్ణి, రెండుసార్లూ ఒక్క అక్షరం తెలియకుండానే. ఇన్‌స్పెక్టరు కంటపడితే పంతులు కొంప మునుగుతుందని బయట నిలబెట్టాడు. ఆ దండాలు కూడా నా వెనక బీడీ తాగుతున్న డ్రైవరుకు పెట్టినవి. పోనీలెండి, హారను రెండుసార్లు నొక్కనిచ్చాడు, ఆ రోజుకు నాకది చాలు.

నాగరాణికి చాలలేదు. చెవులు వేడెక్కాయి. గుమ్మం దగ్గర నిలబడ్డ యాదగిరి సారు గొంతు తగ్గించి, "మొదలువెట్టమ్మా, గడియారం నడుస్తాంది. నీ మంచికే వంపిన" అన్నాడు.

"నా మంచికా సార్?"

"మరి నా మంచికా? గాళ్ళు నిలవడి నేల చూపులు జూస్తే నీ మార్కులేం గావాలె? ఇరవై ఆరేండ్ల సంది ఎవలొచ్చినా మా బడిల గిదే పద్ధతి."

ఆమె ఎగ్జామినరు వైపు తిరిగింది. "సార్, నా పిల్లలు ఐదుగురు బయటున్నరు. వాళ్ళొచ్చేదాక పాఠం మొదలువెట్టలేను."

"ఉన్నవాళ్ళతో కానివ్వండమ్మా. బయటికి వెళితే ఆ టైము మీ నలభై నిమిషాల్లోంచే పోతుంది."

"పోనీయుండ్రి సార్."

బడి వెనక ఐదుగురూ బకెట్లతో ఉన్నారు. కాళ్ళకు బురద. నాగరాణిని చూసి మహేష్ బకెట్ దించాడు. సుచరిత అటు తిరిగి నీళ్ళు పోస్తూనే ఉంది.

"మీరే వంపిన్రనుకున్నం మేడం" అన్నాడు మహేష్.

ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. యాదగిరి సారు మీద, ఎగ్జామినరు మీద, నీళ్ళ ట్యాంకు మీద, ఆ పసికళ్ళు అట్లా నమ్మేటట్టు పది రోజులు వీపు చూపించిన తన మీద ఒక్కసారిగా కోపం లేచింది. సుచరిత చేతిలోంచి బకెట్ తీసుకుని కింద పెట్టింది.

"నడువుండ్రి" అంది.

తిరిగొచ్చేసరికి పదకొండు నిమిషాలు పోయాయి. నాగరాణి తిన్నగా చివరి బెంచీ దగ్గరికి పోయింది. "సార్, జర లేవాలె. ఇది వీళ్ళ బెంచీ."

యాదగిరి సారు తల పట్టుకున్నాడు. ఎగ్జామినరు లేచి, కాగితాలు సర్దుకుని, గుమ్మం పక్కన కుర్చీలోకి మారాడు. బెంచీ కింద ఐదు జతల బురద కాళ్ళు బారుగా నిలిచాయి.

మొదట తెచ్చిన పటాలు చూపించింది. ఉత్తరంలో ఏవి ఎక్కడ ఉండాలో చెప్పింది. తరువాత అడిగింది. "సుచరితా, నువ్వు ఎవలకు రాస్తవ్?"

సుచరిత లేచింది. ఇరవై. ముప్పై. ఎగ్జామినరు కలం టకటకమంది. అరవై. గడియారం ముల్లు పెద్ద చప్పుడు చేస్తోంది. ఎన్నడూ లేనిది అక్షిత తన చెయ్యి తన తొడ కింద పెట్టుకుని కూర్చుంది. తొంభై. ఇంకొకరిని అడుగు అని యాదగిరి సారు గుమ్మంలోంచి సైగ చేశాడు. నాగరాణి అటు చూడలేదు.

"బాపుకు" అంది సుచరిత. తరువాత, గోడకు చెబుతున్నట్టు, "బాపూ, నువ్వు తొమ్మిదో అంతస్తు మీద పని చేస్తున్నవంట. అవ్వ చెప్పింది. నడుముకు తాడు కట్టుకొని చెయ్యి. కట్టుకుంటున్నవా లేదా నాకు చెప్పు." ఆగి, "గింతే మేడం" అంది.

గదిలో ఎవరూ నవ్వలేదు. నాగరాణి బల్ల మీద రాసింది. సుచరిత బురద అడుగులు వేసుకుంటూ ముందుకొచ్చి, వేలు పెట్టి చదివింది. మూడో మాట దగ్గర గంట కొట్టారు. ఆ పిల్ల ఆగలేదు. చివరి మాట దాకా చదివి, అప్పుడు పోయి కూర్చుంది.

పిల్లలు పోయాక ఎగ్జామినరు పెదవి విరిచాడు. "పాఠం సగమే అయింది. మూల్యాంకనం లేదు, ఇంటిపని లేదు. పదకొండు నిమిషాలు టీచరే గదిలో లేదు. ఒక్క పిల్ల కోసం తరగతినంతా ఆపారు. దీన్ని పాఠం అంటారా?"

నాగరాణి పరిశీలన రికార్డు తీసి, చుక్కల పేజీ తెరిచి, ఆ లావుపాటి పుస్తకాన్ని బల్ల మీదికి విసిరికొట్టింది. అది టీ కప్పుకు తగిలింది. టీ ఎగిరి ఆయన తెల్ల చొక్కా మీద పాత పాలమూరు జిల్లా పటం గీసింది, కొడంగల్ మూలతో సహా. "గీ ఐదు సున్నలు ఇన్నేండ్లు ఖాళీగుంటే ఎవలు మార్కులు కోసిన్రు సార్?" అని గర్జించింది.

నూటికి యాభై ఒకటి వచ్చాయి. యాభైకి పాస్. ఆ ముక్క చెప్పడానికి యాదగిరి సారు స్వయంగా వచ్చాడు. "నా సర్వీసుల గింత తక్కువ ఎవలకు రాలె. చెప్తే ఇన్నవా?"

"పాసే గద సార్?"

"పాసే."

"గట్లయితే సుచరితను ఇంక మొక్కల కాడికి వంపకుండ్రి."

"నువ్వు రేపటి నుంచి ఉండవు గదమ్మా" అని సారు నవ్వబోయాడు.

"నేనుండ. అక్షితకు పటం గీసుడు నేర్పిన సార్. రేపటి నుంచి ఆ పిల్ల చుక్కలు వెడ్తది. ముందు బెంచీల కూసుంటది గద, అన్నీ మంచిగ కనవడ్తయి."

సారు నవ్వు సగంలో ఆగింది. నాగరాణి సంచి భుజానికి తగిలించుకుని బస్సుకు పోయింది.

పోయేముందు ఒకటి ఒప్పుకోవాలి. ఇందులో నేను పెంచి చెప్పినవి ఉన్నాయి, వాటి సంగతి మీకు ఎట్లాగూ తెలిసిపోయి ఉంటుంది. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే. నాగరాణి ఆ రికార్డును విసరలేదు. రెండు చేతులతో పట్టుకుపోయి, చుక్కల పేజీ తెరిచి, ఎగ్జామినరు ముందు పెట్టి, ఒక్క మాట లేకుండా బయటికి నడిచింది. ఆ గర్జన నాదే. ఆయన చొక్కా తెల్లగానే ఇంటికి పోయింది. అసలు అక్కడ టీయే లేదు, ఆ పూట వంటగదిలో పాలు విరిగిపోయాయి. కానీ కథ అక్కడికొచ్చేసరికి నాకు చెయ్యి ఆగలేదు. విసిరింది నేను.